రెండు పెళ్ళిళ్ళకి ఒకటే ఉప్పు చెయ్యి

ఉప్పు ఒక్కటే వేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయే వంటవాణ్ణి మీరెక్కడైనా చూశారా? అరవైల చివర్లో ఒక వైశాఖమాసంలో చీపురుపల్లి చుట్టుపక్కల అలాంటివాడు ఒకడుండేవాడు. వాడు నేనే.

నా మాటల్లోంచి సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసుకుని నమ్మాలని మా ఊళ్ళో ఒక లెక్క ఉంది. ఈ ఒక్కదానికీ ఆ లెక్క వద్దు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు. కలపడానికి కూడా ఓపిక లేనంతగా బెదిరిపోయాను ఆ రోజు.

మా మేనమామ పెళ్ళివంటల పెద్ద. ముప్ఫయ్యేళ్ళు పొయ్యిల ముందు నిలబడితే పొగ ఆయన కళ్ళని కొంచెం కొంచెంగా తినేసింది. గంగాళంలో ఉన్నది పప్పో పరమాన్నమో వాసన పట్టి చెప్పాల్సిన రోజు వచ్చాక, మాఘమాసంలో ఒక పొద్దున్న నన్ను పిలిచి గరిటె చేతికిచ్చాడు. ఇచ్చినట్టే ఇచ్చి ఒక మెలిక పెట్టాడు.

"వైశాఖం ఆఖరు దాకా సూత్తాను. ఏ పెళ్ళిలోనైనా ఇస్తరి ముందు కూకున్న మడిసి తినకుండా లెగిసేడా, గరిటె మా తమ్ముడి కొడుక్కిచ్చీసి నువ్వు నీళ్ళు మోసుకో. లెగవలేదా, ఈ మేళం నీది."

మేళం అంటే మేం ఏడుగురం. అందులో మామ అక్క ఒకర్తి, నాకు పెద్దమ్మ. ముఖాన బొట్టు లేని మనిషి గనక పెళ్ళి పొయ్యి ఛాయలకి రాకూడదు. పెరట్లో, గోడ అవతల, రోలు దగ్గర కూర్చుని ఆవముద్దా మిరపకాయ ముద్దా నూరడం, చింతపండు పిసకడం ఆవిడ పని. నూరినవి గిన్నెలకెత్తి గోడ మీద పెడితే మావాళ్ళు అందుకునేవాళ్ళు. అంతే ఆవిడకీ పెళ్ళికీ ఉన్న చుట్టరికం.

మా వంటకి ఒక కట్టుబాటు ఉంది. దేవుడికి పెట్టకముందు వండేవాడు ఏదీ నోట పెట్టకూడదు, ఎంగిలైపోతుంది. రుచి చూడకుండా వండాలి గనక ఉప్పు ఒక్క చేతి మీదుగానే పడాలి. పదిమంది వేస్తే పదిసార్లు పడుతుంది, లేదా అసలు పడదు. ఆ ఒక్క చెయ్యీ మేళానికి పెద్దది. మామ నాకు లెక్క నేర్పాడు. కుంచం పప్పుకి మూడు గుప్పిళ్ళు, గుమ్మడికాయ పులుసు గంగాళానికి ఏడు, వంకాయ కూరకి రెండున్నర. కళ్ళు మూసుకున్నా ఒప్పజెప్పగలను.

మాఘంలో పెళ్ళిళ్ళన్నీ గట్టెక్కాయి. ఒక్క మనిషి లేవలేదు. పైగా ప్రతిచోటా ఎవరో ఒక ముసలాయన చెయ్యి కడుక్కుంటూ, "ఉప్పు ఏసినోడెవులు? ముద్దు పెట్టుకోవాల ఆ సెయ్యి" అనేవాడు. నేను చెయ్యి ముందుకి చాపేవాణ్ణి.

అప్పుడు పడింది నా బుర్రలో పురుగు. వైశాఖం రాగానే బ్లాకాఫీసు వాళ్ళు రైతులకి కొత్త వరి విత్తనం గురించి మూడు రోజులు పాఠాలు పెట్టారు. వంట మాది. నేను ఉప్మా వడ్డిస్తుంటే ఒక ఆఫీసరు నల్లబల్ల మీద పది సున్నాలు చుట్టాడు.

"రైతు పొద్దున్న లేస్తే పది పనులు చేస్తాడు. పంటనిచ్చేవి అందులో రెండే," అని రెండు సున్నాలు నింపాడు. "ఆ రెండూ మీరు చెయ్యండి. మిగతా ఎనిమిదీ చేతకానివాడైనా చేస్తాడు. వాడికి అప్పజెప్పండి. మిగిలిన పొద్దుతో ఇంకో రెండెకరాలు సాగు చెయ్యొచ్చు."

రైతులు సగంమంది నిద్రలో ఉన్నారు. ముందు వరసలో ముసలాయన ఒకడు లేచి, "ఆ సేతకానోణ్ణి నానే అయితే ఏటి సెయ్యాల బాబూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఉప్మా గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా పది పనులూ నాకు కనిపించాయి. కట్టెలు, నీళ్ళు, తరగడం, వార్చడం, కలపడం, దింపడం, వడ్డించడం. ఇవన్నీ ఎవడైనా చేస్తాడు. నేను తప్ప ఇంకొకడు చెయ్యలేనిది ఉప్పు వెయ్యడం. అది పట్టేది పావుగంట. ఆ పావుగంట కోసం నేను పూటంతా పొయ్యి దగ్గర మాడుతున్నానా!

ఆ వారమే నా తెలివికి పరీక్ష వచ్చింది. ఒకే రోజు, పగటి ముహూర్తాలే, రెండు పెళ్ళిళ్ళు. ఒకటి చీపురుపల్లికి ఈవల, ఒకటి రైలుపట్టాలు దాటి ఆరు మైళ్ళు ఆవల. మామ అయితే ఒకటి ఒప్పుకుని రెండోది దండం పెట్టి వదిలేసేవాడు. నేను రెండూ ఒప్పుకున్నాను.

"పిచ్చెక్కిందేట్రా?" అన్నాడు మామ. "ఒక మడిసివి, రెండు పొయ్యిలు."

"నా పని ఉప్పేసీదే మావా. మిగతాదంతా మనోళ్ళు సేత్తారు. ఇక్కడ ఎనిమిదింటికి ఏత్తాను, సైకిలెక్కి అక్కడ పదింటికి ఏత్తాను. వచ్చే ఏడు సూడు, నాలుగు పెళ్ళిళ్ళొప్పుకుంటాను. మోటారు సైకిలు కొంటాను."

మామ కనిపించని కళ్ళు నా వైపు తిప్పి, "ఈవలి పెళ్ళికి నానొచ్చి కూకుంటాను, పేరుకి" అన్నాడంతే.

మేళాన్ని రెండుగా చీల్చాను. ఈవలి పెళ్ళికి ముగ్గురు, ఆవలికి మిగతావాళ్ళు. ఆవల పచ్చళ్ళెక్కువ గనక పెద్దమ్మని అటు పంపాను. నూరడం ఏముంది, ఈవలి ఇంటి ఆడవాళ్ళెవరో నూరి పెడతారు. ఎనిమిది సున్నాల్లో అదొక సున్నా.

పెళ్ళిరోజు ఎనిమిదింటికి ఈవలి పెళ్ళిలో ఉప్పు వేశాను. మూడు, ఏడు, రెండున్నర. మామ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని లెక్క వింటూ తలూపాడు. అక్కడితో నా పని అయిపోయింది. పని అయిపోయినవాడు ఎలా ఉంటాడో మొదటిసారి తెలిసింది నాకు. పందిట్లో మంచం మీద కూర్చుని మగపెళ్ళివారికి నా చిన్నప్పటి ఎలుగుబంటి కథ చెప్పాను. ఆ ఎలుగు మొదట్లో కుక్కపిల్లంత ఉండేది, ఆ రోజుకి ఏనుగంత అయింది. పెళ్ళికొడుకు పెదనాన్న, గుమ్మానికి సరిపడా మనిషి, మీసం తిప్పుకుంటూ విన్నాడు. భోజనాలు పదకొండింటికన్నారు. పెళ్ళివారి పదకొండు పన్నెండున్నర కన్నా ముందు ఎక్కడా మోగదు.

తొమ్మిదిన్నరకి సైకిలెక్కాను. సగం దారిలో గాలి పోయింది. అతుకు వేయించుకుని బయల్దేరితే రైలుగేటు పడి ఉంది. గూడ్సుబండి ఒకటి గేటుకి అడ్డంగా నిలబడి ఊపిరి తీస్తోంది. మూడు గంటలు నిలబడిందని నేను చాలా చోట్ల చెప్పాను. నిజానికి గంట.

ఆవలి ఊరి పొలిమేరలోకి వచ్చేసరికే బాజా ఆగిపోయి ఉంది. పందిట్లోకి తొంగి చూశాను. అడ్డాకు విస్తళ్ళు పరిచి ఉన్నాయి. జనం తింటున్నారు.

ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని పులుసు, మూడొందలమంది విస్తళ్ళలో! ఎవరు ముందు లేస్తారా అని స్తంభం చాటున నిలబడి చూశాను. ఎవరూ లేవలేదు. ఒకాయన పులుసు రెండోసారి పోయించుకున్నాడు. ఇంకొకాయన వేళ్ళు నాక్కుంటూ, "ఉప్పు సూడండెహె, కొలిసినట్టు లేదేటి?" అన్నాడు పక్కాయనతో.

ఉప్పు చెయ్యి నాది. ఆ చెయ్యి ఇదిగో, సైకిలు హ్యాండిలు మీద ఉంది. మరి ఆ పప్పులో పడిందెవరి చెయ్యి?

పులుసు బాల్దీతో ఎదురొచ్చిన మావాణ్ణి పట్టుకున్నాను. "ఒరే, నాను రాకుండా వడ్డించీసినారేట్రా?"

వాడు నన్ను వింతగా చూశాడు. "ఆళ్ళు పాసింజరు బండికెల్లిపోవాల, బేగి పెట్టీమన్నారు. మేం నీళ్ళకెల్లినప్పుడు నువ్వొచ్చి ఉప్పేసీసి ఎల్లిపోయినావని పెద్దమ్మ సెప్పింది. వచ్చినావు కదేటి?"

బాల్దీతో వాడు వెళ్ళిపోయాడు. నేను పెరట్లోకి పరిగెత్తాను.

పెద్దమ్మ రోలు కడుగుతోంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

"వచ్చినావేటి? కూకో. మజ్జిగుంది, తాగుతావా?"

"పెద్దమ్మా, ఉప్పెవులేసారు?"

"ఎవులేత్తారు? నానే."

"నువ్వు పొయ్యి కాడికెల్లినావా?" అన్నాను గొంతు తగ్గించి. ఆడపెళ్ళివారు చూస్తే పెళ్ళి ఆగినంత పని.

"నానెందుకెల్తాను? మిరపముద్దలో కలిపీసినాను, పప్పులోకెల్లిపోయింది. సింతపండు రసంలో కలిపీసినాను, పులుసులోకెల్లిపోయింది. కూరకి ఆవముద్ద ఉన్నాది. రోజూ సేసీదే కదా."

"రోజూ అంటే?"

అప్పుడు తల ఎత్తింది. నా కుడిచేతిని తన తడిచేత్తో పట్టుకుని, వేళ్ళు మూసి గుప్పిట చేసింది. ఆ గుప్పిటని తన అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది, సంతలో నిమ్మకాయని చూసినట్టు.

"మీ మావ గుప్పిట ఎంతుంటాదో ఎప్పుడైనా సూసినావా? అది గుమ్మడి పిందె. ఇది ఉసిరికాయ. ఆడి మూడు గుప్పిళ్ళంటే నీవి నాలుగున్నర అవుతాయిరా నాన్నా. ఆడు లెక్క సెప్పినాడు గానీ సెయ్యియ్యలేదు కదా నీకు. మాఘంలో మొదటి పెళ్ళికే గోడ మీంచి సూసినాను. మిగతాది నూరినదాంట్లో కలిపి పంపిత్తన్నాను."

నేను రోలు పక్కనే మట్టిలో కూలబడ్డాను. మాఘమాసం మాఘమాసమంతా ముందుకి చాపిన చెయ్యి ఇది. ముద్దు పెట్టుకోవాల్సిన చెయ్యి ఇది. సగం ఉప్పు చెయ్యి!

"నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే ఏటవుతాది? ముండమోపి సెయ్యి పెళ్ళి కూట్లో పడ్డాదని ఊరంతా అంటారు. నువ్వు కూడా భయపడి మానీమంటావు. మానేత్తే జనం లెగిసిపోతారు. నూరీదానికి నోరెందుకు?"

మజ్జిగ ముంత నా చేతికిచ్చింది. నోటి దాకా ఎత్తాను. అక్కడ ఆగిపోయింది.

ఈవలి పెళ్ళి.

అక్కడ ఉప్పు వేసింది నేను. నా గుప్పిళ్ళతో, లెక్క తప్పకుండా. అక్కడ నూరినది పెద్దమ్మ కాదు.

ముంత ఎక్కడ పడేశానో తెలీదు. ఆ ఆరు మైళ్ళూ ఎలా తొక్కానో కూడా తెలీదు. పెళ్ళివారి భోజనాలు ఎప్పుడూ ఆలస్యమేనని నాకు నేను చెప్పుకుంటూ తొక్కాను. ఈసారి గేటు తీసే ఉంది. పందిరి కనపడగానే చెవులు రిక్కించాను. విస్తళ్ళ ముందు నాలుగొందలమంది కూర్చుంటే ఉండాల్సిన హోరు లేదు. ఎవరూ మాట్లాడటం లేదు.

మొదటి బంతి కూర్చుని ఉంది. అందరి చేతులూ విస్తళ్ళ మీదే ఉన్నాయి, కదలడం లేదు. అందరూ చూస్తున్నది పెళ్ళికొడుకు పెదనాన్ననే. ఆయన ఒక ముద్ద మింగి, రెండో ముద్ద విస్తట్లోకి విదిలించాడు. ఆడపెళ్ళివారి పెద్ద, పిల్ల తండ్రి, ఎదురుగా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"మామీద కోపముంటే నోటితో సెప్పాల బావా," అన్నాడు మీసాలాయన. "సప్పిడి కూడెట్టి సెప్తారేటి? మీ ఉప్పు మేం తినకూడదనేటి? అలగే. తినం." అని చెయ్యి నేల మీద ఆనించాడు, లేవడానికి.

ఆయన లేస్తే నాలుగొందలమందీ లేస్తారు. పిల్ల తండ్రి ఇంక ఈ జన్మలో నలుగురిలో తలెత్తడు. నా సంగతి సరేసరి, నీళ్ళ కావిడి.

నాలో నోరు ఒక్కటీ పనిచేసింది. అది ఎప్పుడూ అంతే, ఒళ్ళంతా చచ్చినా అది బతికుంటుంది. వంటశాలలోంచి ఉప్పు గంప ఎత్తుకుని బంతి మధ్యలోకి ఉరికాను.

"తినకండి బాబూ! ఇప్పుడప్పుడే తినకండి!" అని అరిచాను.

మీసాలాయన చెయ్యి నేల మీదే ఆగింది. "నువ్వేటి? ఎలుగ్గొడ్డోడివి కదూ?"

"వంట నాదే బాబూ. మా మేళం ఆనవాయితీ తమరికి ముందే సెప్పవలసింది, గేటు పడి ఆలీసమైపోనాది. మొదటి ముద్ద సప్పగానే తినాల. అప్పుడు మొగపెళ్ళోరి పెద్ద తన సేత్తో ఇస్తరి ఇస్తరికీ ఉప్పెయ్యాల. ఆ సేతి ఉప్పు తిన్న రెండిళ్ళోళ్ళూ సచ్చినా మాటామాటా అనుకోరు. నానే ముందేసేత్తే తమరి పెద్దరికం నానెత్తుకెల్లిపోయినట్టు కదా!"

"ఎక్కడిదీ ఆనవాయితీ? మేమెప్పుడూ ఇన్లేదే."

"శ్రీకూర్మం అవతల, సముద్రం ఒడ్డునున్న ఊళ్ళల్లో బాబూ. ఇటేపు ఇంకా రాలేదు. తమరితోనే మొదలు."

ఇంత పచ్చి అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఎలుగుబంటి కథకి కూడా కొంచెం ఎలుగు ఉంది. దీనికి ఏమీ లేదు. ఆయన నన్ను చూశాడు. గంపని చూశాడు. మీసం ఒకసారి కదిలింది. లేచాడు. ఆయన చెంబుడు నీళ్ళతో చెయ్యి కడుక్కుని, పంచెకి తుడుచుకుని, ఉప్పు గంప అందుకున్నాడు.

నమ్మాడు! ఆ గుమ్మమంత మనిషి నమ్మాడు! విస్తరి విస్తరికీ వంగి, "ఏటి తమ్ముడూ, సాలా? ఇంకొంచెం ఏసుకో" అంటూ నాలుగొందలమందికీ తన చేత్తో ఉప్పు వేశాడు. ఆడపెళ్ళివారి విస్తళ్ళలో ఇంకొంచెం ఎక్కువే వేశాడు. పిల్ల తండ్రి స్తంభానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇప్పటికీ ఆ చుట్టుపక్కల రెండు మూడు ఊళ్ళల్లో మగపెళ్ళివారి పెద్ద ఉప్పు వేసే పద్ధతి ఉందట. పూర్వం నుంచీ ఉందని చెబుతారట.

నేను వంటశాలలోకి పాక్కుంటూ వెళ్ళాను. మామ అదే పీట మీద ఉన్నాడు.

"ఒకడు లెగిసేడు కదరా," అన్నాడు.

"ఉప్పెయ్యడానికి లెగిసేడు మావా."

"అక్కడ ఎలగయ్యింది?"

"అక్కడ బాగుంది. నానెల్లీసరికే తినేత్తన్నారు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. "అప్ప," అన్నాడు మామ తనలో తను, వాళ్ళక్కని తలుచుకుని. మళ్ళీ నా గుప్పిట వెతికి పట్టుకుని, తన వేళ్ళతో చుట్టూ కొలిచాడు. ఆ ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది వేరే. ముప్ఫయ్యేళ్ళు ఊరందరి నాలుకల్నీ ఉప్పుతో గెలిచిన మనిషి, కొత్తగా దెబ్బ తిన్న చిన్నపిల్లాడిలా ఉన్నాడు.

"లెక్క సెప్పినాను గానీ సెయ్యి సూళ్ళేదు," అన్నాడు. "తప్పు నాది కూడాను. అప్పనడుగు. అది నీతో వస్తానంటే గరిటె నీది. రానంటే ఇద్దరం పీటలెత్తీసి ఇంటికెల్లిపోదాం."

పెద్దమ్మ వస్తాననడానికి నాకేం అనుమానం లేదు. మర్నాడు పొద్దున్న ఆవిడ ఇంటికి వెళ్ళి, గొప్ప వరం ఇస్తున్నవాడిలా చెప్పాను. ఇకనుంచి మిరపముద్దలో ఎంత కలపాలో నువ్వే చూసుకో, నేను అడ్డం రాను, అన్నాను.

ఆవిడ బియ్యం చెరుగుతూ, "రాను" అంది.

నా చెవులని నేను నమ్మలేదు. "రానంటావేటే?"

"గోడెనకాల దొంగలాగ ఉప్పేసీది ఇంక నా వల్ల కాదురా. మాఘం నుంచీ ప్రతి పెళ్ళికీ గుండెలు సేతిలో ఎట్టుకుని నూరుతన్నాను. ఎవులైనా ముద్ద నాకి సూత్తే ఏటి సెప్పాల? పొయ్యి కాడ పీటెయ్యి. నీ పక్కన. నలుగురూ సూడగా నా సేత్తో ఏత్తాను. అలగయితే వస్తాను. లేదంటే మా సిన్న తమ్ముడి కొడుకు గరిటె పడతాడు, నువ్వు నీళ్ళు మొయ్యి."

పెళ్ళి పొయ్యి దగ్గర బొట్టు లేని మనిషికి పీట! ఇంటికొచ్చి మామకి చెబితే అడ్డం పడతాడనుకున్నాను. ఆయన మూల నుంచి పీట ఒకటి తీసి, దుమ్ము తుడిచి, నా చేతికిచ్చాడు.

తర్వాత పెళ్ళి కోటబొమ్మాళి దగ్గర ఒక రైతు ఇల్లు. రైల్లో వెళుతున్నంతసేపూ అబద్ధాలు కూడగట్టుకున్నాను. ఆవిడ కాశీ వెళ్ళొచ్చిందని చెబుదామనుకున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అన్నంలో ఉప్పు ముట్టని మొక్కు ఉన్న మనిషని చెబుదామనుకున్నాను. ఒకటీ అతకలేదు. పొయ్యి పక్కన పీట వేశాను. పెద్దమ్మ కూర్చుంది. ముసుగు కూడా లాక్కోలేదు. పులుసు మరుగు చూసి, గిన్నెలోంచి ఉప్పు తీసి, తన గుప్పిటతో వేసింది.

అప్పుడే ఇంటావిడ వచ్చింది, పెళ్ళికూతురి తల్లి. వంట ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి. ఆవిడ కళ్ళు ముందు గంగాళం మీద పడ్డాయి, తర్వాత గాజుల్లేని చేతుల మీద, తర్వాత ముఖం మీద. అక్కడ ఆగిపోయాయి. మావాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు. నేను కాశీ కథ కోసం నోరు తెరిచాను.

"ఉప్పేసే మడిసిని తల్లీ," అంది పెద్దమ్మ నాకన్నా ముందే. "పులుసు దింపీమంటావా, ఇంకో పొంగు రానిమ్మంటావా?"

ఇంటావిడ పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఒకసారి పందిరి వైపు చూసింది. ఎవరూ రావడం లేదు. వంగి గంగాళంలోకి చూసింది.

"ఇంకో పొంగు రానీ," అంది. అని వెళ్ళిపోయింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది నాది.

"మూసుకోరా, ఆవిరి పోతాది," అంది పెద్దమ్మ. "మంట తగ్గించు."

నేను వంగి కట్టె వెనక్కి లాగాను.